శంఖద్వీపానికి పోయే తెర

రత్నకూటం కోటలో సూర్యుడు రోజూ రెండుచోట్ల పొడుస్తాడని బయటి ఊళ్ళవాళ్ళు చెప్పుకునేవారు. ఒకటి అందరికీ పొడిచే తూర్పున. రెండోది నేపథ్యశాల గోడన, హరిదళం, ఇంగిలీకం, గవ్వసున్నం నూరి రాసిన తెర మీద. ఆ తెర ముందు కోడిపుంజును కట్టేస్తే వేళకాని వేళ కూసేదట.

నేపథ్యశాల అంటే నాటకాలకు తెరలు రాయడం, వేషాలు కట్టడం నేర్పే బడి. పాతరాజు వీరగోపుడి ఏలుబడిలో ఓడెక్కి వచ్చిన విద్య ఏదైనా ఆ బడి గుమ్మంలోనే దిగేది. మంచుదేశపు ముసలాయన గొర్రెబొచ్చును తడిపి తొక్కి, ఇనుములా కనబడే కవచాలు చేయడం నేర్పాడు. ఎడారిదేశపు ఆడమనిషి ఒక్క దానిమ్మ తొక్క నుంచే పసుపు మొదలు కారునలుపు దాకా పిండి చూపించింది. పడమటివాడొకడు మూర వెడల్పు గుడ్డ మీద ఆమడ పొడవు వీధిని సాగదీసే గీతల కిటుకు చెప్పిపోయాడు. శంఖద్వీపం నుంచి వచ్చిన ఊలా తాత తాటాకుతో, గవ్వలతో వేషాలల్లడం నేర్పి, తన ద్వీపభాష కూడా నేర్పి, చివరికి ఈ మట్టిలోనే కలిసిపోయాడు. వాళ్ళందరి దగ్గరా నేర్చుకుని ఇప్పుడా బడిని నడుపుతున్న మనిషి మైలమ.

నడుపుతోందనడం మాటవరసకే. బడి నడవడం లేదు, ఈడ్చుకుంటోంది.

తామ్రకేశుడనే మాంత్రికుడు చుట్టపుచూపుగా వచ్చి, విస్తరి ముందు కూర్చున్న వీరగోపుణ్ణి అన్నం కలిపిన చేత్తో ఉండగానే పొడిచి చంపి గద్దెనెక్కాడు. రాజు ప్రాణం పోతూ ఒక్క మాట అన్నాడు. "నా నెత్తుట పుట్టిన బిడ్డ ఊపిరితో ఉన్నంతకాలం నువ్వీ కందకం దాటలేవు." అంతే. అంత మంత్రం తెలిసినవాడూ తాను గెలిచిన కోటలో తానే ఖైదీ అయిపోయాడు. వంతెన మీద అడుగు వేస్తే చాలు, మోకాలిదాకా నిప్పుల్లో దిగినట్టు కాలుతుంది. ఇక రాజుకున్నది ఒక్కతే కూతురు, రుద్రసాని. ఘోషాలో పెరిగిన పిల్ల కనక ఆమె మొహం చూసిన సైనికుడు లేడు. ఆమె తల తెగిన రోజున తామ్రకేశుడు లోకం మీద పడతాడు. అందుకే కోటలో పుట్టినవాళ్ళెవరినీ బయటికి పోనివ్వడు, గాలింపు ఆపడు.

ఆ రుద్రసాని నేపథ్యశాల పెరట్లో, పోలి అనే పేరుతో, చీర మోకాళ్ళపైకి ఎగ్గట్టి, రంగురాళ్ళు నూరుతోంది.

"మణికట్టు కాదు, భుజం తిప్పు. పోపుగింజలు నూరుతున్నావా?" అంది మైలమ ఆమె పక్కగా పోతూ.

"భుజం పడిపోయింది గురువమ్మా."

"పడిపోతే ఎత్తి పెట్టుకో. తల పడిపోతే ఎత్తి పెట్టుకోవడానికి కుదరదు."

పక్కన కూర్చుని సూదికి దారమెక్కిస్తున్న దర్జీ గొంకయ్య కిసుక్కుమన్నాడు. "నీ నోట్లోంచి ఒక్క మంచి మాట వస్తే ఆ రోజు వరి పండుతుంది మైలమ్మా."

ఆ పిల్ల ఎవరో ఆ కోటలో వీళ్ళిద్దరికే తెలుసు. మొదట్లో రుద్రసానికి ఏమీ చేతకాలేదు. నడిస్తే వెనక పదిమంది దాసీలు వస్తున్నట్టు నడిచేది, కూర్చోబోతే ఎవరో పీట వేస్తారన్నట్టు ఆగేది. మైలమ ఆమె ఒంట్లోంచి రాచరికాన్ని కుట్టు విప్పినట్టు ఒక్కొక్క దారమే లాగేసింది. వేషమంటే గుడ్డ కాదని, నడకని, చూపని, దగ్గే తీరని నేర్పింది. రాత్రి నిద్రలో పిలిచినా పోలిగానే పలికేదాకా వదల్లేదు.

ఆనాడు పొద్దున్నే శంఖద్వీపపు రాయబారులు తెర చూడటానికి వచ్చారు. తామ్రకేశుడి తలవెంట్రుకలు కాలిన రాగి రంగులో భుజాల మీద బుసలు కొడుతున్నాయి. దాటలేని లోకాన్ని కూర్చున్నచోటనే చూడాలని వాడి కోరిక. అందుకే బడిని బతకనిచ్చాడు. ఒక్కో దేశాన్నీ తెరకెక్కించమంటాడు. ఈసారి శంఖద్వీపపు రేవు రాయించి, కప్పం తెచ్చిన ఆ ద్వీపంవాళ్ళకే బహుమానంగా ఇస్తున్నాడు. మీ రేవు నా గుప్పిట్లో ఉంది సుమా అని చెప్పడం అది.

తెర జారగానే రాయబారి కవారు నోరు తెరిచాడు. పగడపు గుట్టలు, నీలికి పచ్చకి మధ్య ఊగే నీళ్ళు, పక్కకు కట్టిన కొయ్యతో బోర్లా పడకుండా తేలే పడవలు, తాటాకు గొడుగుల కింద చేపల రాశులు, ఒడ్డున నీళ్ళు మోసుకుపోతున్న ఆడవాళ్ళు. అంతా వాళ్ళ ఊరే. ఆ ఉప్పుగాలి వాసన కూడా వచ్చిందేమో, అతను ముక్కు ఎగబీల్చాడు.

"ఎట్లా ఉంది?" అన్నాడు తామ్రకేశుడు.

కవారు మంచివాడు. మంచివాళ్ళతోనే చిక్కు. తనకొచ్చిన అరకొర తెలుగులో నవ్వుతూ, "అంతా మాదే దొరా. ఒక్కటే తేడా. మా ఆడవాళ్ళు కుండ నెత్తిన పెట్టరు, చంకన పెడతారు" అన్నాడు.

మైలమ తెర మీది కుండల వైపు చూసింది. ఊలా తాత ఎన్ని చెప్పాడో, ఇది మాత్రం చెప్పలేదు. కుండ ఎక్కడ మోస్తారన్నది అడగాలని తనకూ తోచలేదు. కుండంటే నెత్తి మీదే ఉంటుందనుకుంది.

"ఎవడు రాశాడా బొమ్మల్ని?" అన్నాడు తామ్రకేశుడు.

కొత్తగా పెళ్ళయిన సూరన్న అనే విద్యార్థి ముందుకొచ్చాడు. "నేర్పింది నేను ఏలికా, తప్పు నాది" అని మైలమ అంటూనే ఉంది. తామ్రకేశుడు తలలోంచి ఒక వెంట్రుక పెరికి విసిరాడు. అది గాలిలో రాగితీగై సూరన్న నడుముకు చుట్టుకుంది. వాడు అరవలేదు. పలచబడ్డాడు. మొదట ఎముకలు, తర్వాత నీడ, తర్వాత రంగు తప్ప ఏమీ మిగలక, గాలికి ఎగిరిన రేకులా వెళ్ళి తెరకు అంటుకుపోయాడు. చూస్తే పడవలో తెడ్డు పట్టుకుని ఒక కొత్త మనిషి. దీపం కదిపితే కళ్ళు ఆర్పుతున్నాడు.

"నెత్తిన కుండలున్న ఆ ఆడవాళ్ళను తుడిచెయ్యండి" అని చెప్పి తామ్రకేశుడు లేచాడు. కవారు మొహం సున్నం పూసినట్టయింది. ఇవాళే బయలుదేరతామని తన వాళ్ళకు సైగ చేశాడు.

"ఇవాళ పోతే పోయినట్టు, లేకపోతే లేదు" అన్నాడు గొంకయ్య, పెరట్లోకి రాగానే. "ద్వీపం కూలీలు సామానుతో ముందు పోతున్నారు. వాళ్ళందరికీ మొహాన గవ్వల ముసుగే. చివర్లో ఇద్దరు ఎక్కువైతే ఎవడికి తెలుస్తుంది?"

"నీకేం తెలుసు ద్వీపం నడక?"

"నలభై ఏళ్ళుగా రాజుల నడుములు కొలిచినవాణ్ణి. వంగి నడవడం నాకొకరు నేర్పాలా?"

గంట తిరక్కుండా తలకు పెట్టే తాటాకు చిప్పలు, గవ్వల ముసుగులు తయారయ్యాయి. మైలమ తన చేత్తో రుద్రసాని పాదాలకు పేడరంగు పులిమింది. ద్వీపంవాళ్ళు మడమ ముందు ఆనిస్తారని, ఇసుకలో నడిచిన అలవాటని, మోకాలు వదులుగా ఉంచాలని మళ్ళీ చెప్పింది. ఆ పిల్ల పెరట్లో అటూ ఇటూ నడిచి చూపించింది. ఊలా తాత చూస్తే తన మనవరాలనుకునేవాడు.

వాళ్ళిద్దరూ మూటలెత్తుకుని కూలీల తోకన కలిశారు. ద్వీపంవాళ్ళు మరిచిపోయిన మూటేదో ఇవ్వడానికొచ్చినట్టు మైలమ కోటగుమ్మం మెట్ల పక్కన నిలబడింది. కూలీలు ఒకరి వెనక ఒకరు గుమ్మం దాటి వంతెన దగ్గర చేరుతున్నారు. కాపలావాళ్ళు ఆవలిస్తున్నారు. గొంకయ్య దాటాడు. ఇక మిగిలింది రుద్రసాని. సరిగ్గా అప్పుడే వంతెన దింపమని బురుజు మీద నగారా మోగింది.

ఆ మోత వినగానే రుద్రసాని ఆగింది. వంగింది. కుడిచేత్తో గడపను తాకి కళ్ళకద్దుకుంది.

నేపథ్యశాలలో చదివిన ప్రతి ప్రాణీ, మద్దెల మోగగానే రంగం మీదికి అడుగుపెట్టే ముందు చేసే పని అది. చెప్పి చేయించింది మైలమే. ఒళ్ళు మరిచినా చెయ్యి మరవకూడదని వేళ్ళ కణుపుల మీద బెత్తంతో కొట్టి మరీ చేయించింది.

"ఏయ్, ఆగు" అన్నాడు దళవాయి. "ద్వీపంవాళ్ళు మన గడపకెందుకు మొక్కుతార్రా?" అంటూ ముసుగు మీద చెయ్యి వేశాడు.

దాటిపోయిన గొంకయ్య వెనక్కి తిరిగాడు. అతను అట్లాగే పోయి ఉంటే ఈపాటికి పడవలో ఉండేవాడు. మూట పారేసి, బొడ్లో కత్తెర తీసి, ముసలి మేకపోతులా వచ్చి దళవాయి తొడలో దించాడు. "పరిగెత్తవే పిల్లా" అన్నాడు. అది చివరి మాట. పైనుంచి ఇనుప తలుపు పడింది, దానికంటే ముందే బల్లేలు పడ్డాయి.

రుద్రసాని లోపలికి పరుగెత్తింది, వేరే దారి ఉంటేగా. మైలమ అడ్డదారిన గుర్రపుశాల సందులోంచి, గడ్డివాముల పక్కనుంచి దూకి నేపథ్యశాల చేరేసరికి ఆ పిల్ల వగరుస్తూ లోపలికొచ్చి పడింది. వెనకే సైనికుల అడుగుల చప్పుడు. మైలమ తాడు కోసేసింది. పడమటి కిటుకుతో రాసిన వీధితెర దభాలున దిగింది. దూరందాకా ఇళ్ళు, అరుగులు, ఆ చివర ఎవరో పారిపోతున్నట్టు ఒక నీడ. ముందొచ్చిన సైనికులు ఆ వీధిలోకి ఉరికారు. తెర వెనక రాతిగోడ. పళ్ళు రాలిన చప్పుడు ఇవతలికి వినబడింది.

కానీ ఆ కిటుకు ఎదురుగా నిలబడ్డ కళ్ళకే. తొడకు గుడ్డ చుట్టుకుని పక్కవాకిట్లోంచి కుంటుతూ వచ్చిన దళవాయికి అక్కడ వీధి కనబడలేదు. ముడతలు పడ్డ గుడ్డ, దాని వెనక నక్కిన ఇద్దరు ఆడవాళ్ళు కనబడ్డారు.

వాడు రుద్రసాని జుట్టు పట్టి బయటికి లాగాడు. మైలమకు ఆలోచించే వ్యవధి లేదు. ఎదురు వెళ్ళి, రాచబిడ్డ చెంప మీద చెయ్యి పగిలేట్టు ఒక్కటిచ్చింది.

"దొంగపీనుగా, నేను కుట్టిన వేషమేసుకుని నా కళ్ళలోనే దుమ్ము కొడతావా? ఉన్న ముసలి దర్జీని చంపుకున్నాను నీ మూలాన."

ఆ చివరి మాట నటించనక్కర్లేకపోయింది.

తామ్రకేశుడు వచ్చాడు. వెనకే కవారు, తన తెర తాను తీసుకుని వెళ్ళిపోవాలని తొందరపడుతూ. దళవాయి వంగి, "ఏలికా, ఇంత తెగించి పారిపోతోందంటే ఇది రాచపిల్లేమో" అన్నాడు.

తామ్రకేశుడు రుద్రసాని చెయ్యి తిప్పి చూశాడు. గోళ్ళ సందుల్లో ఇంగిలీకపు ఎరుపు, అరచేత రాయి తిప్పిన కాయలు. "వీరగోపుడి కూతురు గడపకు వంగుతుందట్రా? తండ్రి నా కత్తికే వంగలేదు" అన్నాడు. "ఏం పిల్లా, ఎందుకు పారిపోతున్నావు?"

"తెరలోకి పోతానేమోనని భయమేసింది దొరా" అంది రుద్రసాని, చెంప పట్టుకుని. పోలి గొంతే. ఎక్కడా పట్టు తప్పలేదు.

"భయపడ్డదే అయిందిలే. ఒడ్డున చోటు ఖాళీగా ఉంది కూడాను."

మైలమ ఆ క్షణాన రెండు విషయాలు చూసింది. రాచపిల్లని తెలిస్తే వీడు తల నరుకుతాడు, కందకం దాటుతాడు. బడిపిల్లనుకుంటే తెరలో వేస్తాడు. ఆ తెర ఇవాళే కోట దాటుతుంది. తెరలో ఉన్నవాళ్ళు చావరు. వాళ్ళను మళ్ళీ మనుషుల్ని చేసే దారి లోకంలో ఎవరికైనా తెలుసో తెలియదో. ఉన్న దారి మాత్రం ఇదొక్కటే. దాన్ని దారి అనడానికి కూడా ఆమెకు నోరు రాలేదు.

రుద్రసాని కూడా అది చూసింది. మూలనున్న కుండ తీసి చంకన పెట్టుకుంది. "నా వేషం సరిగ్గా ఉందా గురువమ్మా?" అంది.

బాగుందని చెప్పాలనుకుంది మైలమ. అన్నాళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే దళవాయి వింటాడు.

"కొంగు సర్దుకో" అంది.

రాగితీగ చుట్టుకుంది. కాసేపటికి శంఖద్వీపపు ఒడ్డున, చంకన కుండతో, చెంప కందిన ఒక అమ్మాయి నీళ్ళకు పోతోంది. కవారు ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. తామ్రకేశుడు మాత్రం, "ఇప్పుడు సరిపోయిందా?" అని నవ్వాడు.

తెర చుట్టి, జనపగుడ్డ కట్టి, ఎడ్లబండి మీదికెక్కించారు. "తడవనివ్వకండి, రంగు నీళ్ళకు ఆగదు" అని బడిమనిషి ఎవరైనా చెప్పే మాటే చెప్పింది మైలమ. ఎవరూ తలెత్తలేదు. బండి వెంట తానూ పోతానని, అంత పెద్ద తెరకు సంరక్షణ కావాలని అడిగి చూసింది.

"నువ్వు పోతే వీళ్ళకెవరు నేర్పుతారే తెరలదానా?" అన్నాడు తామ్రకేశుడు. "రేపట్నుంచి మంచుదేశం మొదలెట్టు." వాడు వంతెన వైపు చూడటం కూడా ఇష్టంలేనట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

గొంకయ్యను గుమ్మం పక్కకు ఈడ్చేశారు. మైలమ ఆ పక్కనే కూర్చుని, అతని గుప్పిట్లోంచి కత్తెర విడదీస్తూ, వంతెన దిగుతున్న బండి వైపు చూసింది. గాలి అటునుంచి వీస్తోంది. ద్వీపభాష ఇక్కడెవరికీ రాదన్న ధీమాతో కవారు బండివాడికి గొంతెత్తి చెబుతున్నాడు. ఒక్కో మాటా ఆమె చెవిన పడింది.

"ప్రాణాలున్న గుడ్డను పిల్లలున్న ఊరికి తీసుకుపోతామా? ఒడ్డు కనుమరుగు కాగానే రాయి కట్టి లోతులో దించెయ్యండి. పాపం, వాళ్ళకూ విడుదల దొరుకుతుంది."

మైలమ లేచింది. ఆ తెర నీళ్ళలో కరిగిన క్షణాన వీరగోపుడి నెత్తురు ఆఖరవుతుంది. తామ్రకేశుడి కాలికి మంట ఆగిపోతుంది. పిల్లను లోతుకు పంపింది ఈ చేతులే.

కప్పీలు కిర్రుమన్నాయి. వంతెన లేస్తోంది. "ఎక్కడికే" అని కాపలావాడు చెయ్యి చాచేలోగా ఆమె వాడి చంక కిందుగా దూరి పలకల మీద పడింది. కాళ్ళ కింద వంతెన కొండలా నిక్కుతోంది. నాలుగు కాళ్ళ మీద పాకింది, జారింది, మళ్ళీ పాకింది. అంచు అందుకునేసరికి వంతెన సగం ఆకాశంలో ఉంది. కింద కందకంలో మొసళ్ళు నీటిని చీలుస్తున్నాయి. వెనక విల్లంబులు లాగుతున్న చప్పుడు.

ఆమె అంచుకు వేలాడుతూ, ఊపిరంతా కూడగట్టి ద్వీపభాషలో అరిచింది. "నీళ్ళలో వెయ్యకండి. ఆ పిల్ల బతికే ఉంది."

బండి ఆగింది. ద్వీపంవాళ్ళు వెనక్కి చూశారు. ఆకాశంలో వేలాడుతూ, మొహమంతా రంగులు పులుముకున్న ఒక ఆకారం. పైగా దాని నోట వస్తున్నది ఇవాళ్టి మాట కాదు. ఊలా తాతతోపాటు ఏనాడో మట్టిలో కలిసిపోయిన ముసలివాళ్ళ మాట, తమ చచ్చిపోయిన తాతల మాట.

దెయ్యం పలికిందనుకుని కవారు కళ్ళు మూసుకుని గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. బండివాడు ఎద్దుల తోకలు మెలిపెట్టాడు. బండి రేవు వైపు దుమ్ము లేపుకుంటూ, ఇంతకు ముందు లేని వేగంతో పరుగెత్తింది.